టోటల్ తొమ్మిది

ఆయన ముఖం కోసం ఆయన భార్య నా షాపుకు వచ్చింది. చేతిలో ఒక నల్లటి హార్డ్‌డిస్క్ ఉంది, దాన్ని కొంగులో చుట్టి పట్టుకుంది. పెద్దకర్మ ఎల్లుండి. గోడకు పటం కావాలి, ఇంటి ముందు కట్టడానికి ఫ్లెక్సీ కావాలి, రెండింటికీ పనికొచ్చే ఫోటో ఒక్కటి కావాలి.

"మా ఫోటోలన్ని గీ డిస్క్‌లనే ఉన్నయ్ వదినె. మీ అన్న ఫోన్లల్ల ఏం ఉంచనియ్యకపోతుండె. తీసుడు, సిస్టమ్ల ఎక్కిచ్చుడు, ఫోన్లకెల్లి కొట్టేసుడు. నువ్వే జూసి మంచిగున్నదొకటి తియ్యి" అంది.

నేను హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక కాంప్లెక్స్ పై అంతస్తులో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఆయనది కింది అంతస్తులో కంప్యూటర్ల షాపు. గుండెపోటు వచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. పోయిన తేదీని, నెలను, సంవత్సరాన్ని కలిపి కూడితే నాలుగు వచ్చింది. చనిపోయిన మనిషి తేదీని పట్టుకుని కూడికలేమిటని మీరు అనవచ్చు. మా కాంప్లెక్స్‌లో ఆ రోజు ఆ కూడిక చేయని షాపు లేదు. నేను పైకి చెప్తున్నాను, మిగతావాళ్లు చెప్పరు.

డిస్క్ పెట్టి మొదటి ఫోటో తెరిచాను. ఏదో గృహప్రవేశం. గుమ్మానికి మామిడాకులు, వాటి కింద ఆయన జుట్టు, నుదురు, కనుబొమ్మలు. కనుబొమ్మల కింద నుంచి చివరిదాకా ఉత్త బూడిద రంగు. రెండోది తెరిచాను. ముఖం మీదుగా గులాబీ రంగు పట్టీ పోయి, ముక్కు ఒకవైపుకు, మూతి ఇంకోవైపుకు జరిగాయి. మూడోది అసలు తెరుచుకోలేదు.

"గదేంది వదినె, గట్లొచ్చె" అంది ఆమె, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.

"ఇంక చాన ఉన్నయ్ గద, చూద్దాం" అన్నాను. కానీ మొదటి ఫోటోతోనే నాకు సంగతి తెలిసిపోయింది. ఆ బూడిద రంగును నేను అంతకుముందు చూశాను, దాని వల్ల తల దించుకున్నాను. అది వైరస్ కాదు, డిస్క్ పాడుకావడమూ కాదు. అది ఆయన చేతి పని. ఆమెకు ఆ మాట చెప్పలేక ఒక్కొక్క ఫోటో తెరుస్తూ కూర్చున్నాను.

కాంప్లెక్స్‌లో ఎదురుపడితే అందరూ ఆయన్ను సారు అనేవాళ్లు, పక్కకు పోగానే తొమ్మిది సారు అనేవాళ్లు. నేను అన్నా అనేదాన్ని. పిలుపుదేముంది, నోటికి నొప్పి లేదు. తొమ్మిది ఆయనకు కలిసొచ్చే అంకె అని ఎవరో చెప్పారట. స్కూటర్ నంబర్ కూడితే తొమ్మిది, దాని కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఫోన్ నంబర్ కూడితే తొమ్మిది. షాపు బోర్డు మీద ఇంగ్లిష్ పేరులో ఒక అక్షరం ఎక్కువ ఉండేది, అదీ అందుకే. మిరపకాయ బజ్జీలు తినేది ఇద్దరైనా తొమ్మిది కట్టమనేవాడు, మిగిలినవి చల్లారి బల్ల మీద పడి ఉండేవి. ఈ పిచ్చి మా ఊళ్లో ఆయన ఒక్కడికే ఉందని నేననను. కారు నంబర్ కోసం వేలం పాడేవాళ్లు, పెళ్లి కార్డు మీద పిల్ల పేరుకు ఇంకో 'ఎ' తగిలించమనేవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. వాళ్ల పిచ్చి వాళ్ల బండి దగ్గర, వాళ్ల పేరు దగ్గర ఆగుతుంది. ఈయన దాన్ని మంది కంప్యూటర్ల లోపలికి తీసుకుపోయాడు.

షాపుకు కొత్త మనిషి వస్తే మొదటి మాట, "డేట్ ఆఫ్ బర్త్ చెప్పుండ్రి." కంప్యూటర్ ఏం పనికి అని అడగగా నేను ఏనాడూ వినలేదు. బట్టల దుకాణం సేటు బిల్లులు కొట్టుకోవడానికి ఒకటి చాలన్నాడు. హసన్‌పర్తి నుంచి వచ్చిన ట్యూషన్ మేడమ్ ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి అంది. ఇద్దరికీ రంగురంగుల దీపాలు వెలిగే ర్యామ్ పెట్టి పంపాడు. బిగించడం అయ్యాక క్యాబినెట్ నెత్తిన తెల్ల మార్కర్‌తో 3600 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, పక్కన పసుపు కుంకుమ బొట్లు పెట్టేవాడు. తర్వాత దాని మీద అరచెయ్యి వేసి, పిల్లవాడికి జ్వరం చూసినట్టు కాసేపు నిలబడేవాడు. స్క్రీన్ వైపు చూసేవాడు కాదు. లోపల దీపాలు తిరుగుతుంటే వాటినే చూస్తూ, "ఇగ ఉర్కుతది సూడు" అనేవాడు. చూసేవాళ్లు కూడా తల ఊపేవాళ్లు. ఎక్కడికి ఉరకాలో, ఎందుకు ఉరకాలో అడిగినవాళ్లు లేరు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. ఆయన దాన్నొక బ్రహ్మవిద్యలాగా మూసి ఉంచాడు కాబట్టి విప్పి చెప్పడం నాకు సరదా కూడా. కంప్యూటర్ మెమరీకి, అంటే ఈ ర్యామ్‌కు, రెండు సంగతులు ఉంటాయి. అడిగింది అందడానికి ముందు ఎంత ఆగాలి అనేది ఒకటి, అందడం మొదలయ్యాక ఎంత జోరుగా వస్తుంది అనేది రెండోది. జోరును ప్యాకెట్ మీద 3200 అనో 3600 అనో పెద్ద అక్షరాలతో రాస్తారు. ఆగడాన్ని 18-22-22-42 అని కింద చిన్నగా రాస్తారు, వాటిని టైమింగ్స్ అంటారు. ఈ చిన్న అంకెలు సెకన్లు కావు, పాటలో తాళం లాంటివి. జోరు పెరిగితే తాళం కూడా వడిగా పడుతుంది, కాబట్టి అంకె పెద్దదైనంత మాత్రాన ఎక్కువసేపు ఆగినట్టు కాదు. 3200 మీద పదహారు తాళాలు ఆగినా, 3600 మీద పద్దెనిమిది తాళాలు ఆగినా ఒక్కటే సమయం.

ఇక ప్రాసెసర్ చేసినవాళ్లు, ఇంత వేగం వరకు మా పూచీ అని ఒక అంకె రాసి ఇస్తారు. నా ప్రాసెసర్‌కు అది 3200. ఆ వేగానికి తనంతట తాను నడిచే మామూలు ర్యామ్ కొనుక్కుని, సెట్టింగ్ ఆటో మీద వదిలేస్తే అయిపోయింది. దానికి మించి తొక్కితే ఆ పూచీ పోతుంది. తొక్కాలని సరదా ఉన్నవాళ్లు తొక్కుకోవచ్చు, కానీ తొక్కాక అది తప్పులు లేకుండా నడుస్తోందా లేదా అని కూర్చుని పరీక్షించాలి. ఆయన పరీక్ష అరచెయ్యి.

3200 కూడితే అయిదు. 3600 కూడితే తొమ్మిది. ఆయన శాస్త్రమంతా ఇంతే, నేను దాచిందేమీ లేదు. ప్యాకెట్ మీదున్న టైమింగ్స్ 18, 22, 22, 42 కూడితే నూట నాలుగు, అంటే అయిదు. అయిదు ఆయనకు పడదు. అందుకని కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లోకి పోయి 16, 18, 18, 38 అని తన చేత్తో కొట్టేవాడు. కూడితే తొంభై, అంటే తొమ్మిది. తయారుచేసినవాడు ఇంతకంటే తక్కువ ఆగితే నాతో కాదు అని రాసిచ్చిన వస్తువును, వాడి మాట కాదని పరుగెత్తించేవాడు. "కంపెనోడు భయపడి రాస్తడు. ప్యాకెట్ మీద రాసిందే నడిపితె ఇగ మనమెందుకు?" అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ ఒక కనుబొమ్మ ఎత్తి, చుట్టూ ఎవరెవరు విన్నారో చూసుకునేవాడు.

నా సిస్టమ్‌కు ఆ తెగులు ఎట్లా పట్టిందంటే, కొత్త కెమెరాలు వచ్చాక ఫోటోలు పెద్దవయ్యాయి, ఆల్బమ్ పేజీలు కదలడం లేదు. మెమరీ ఎక్కువ కావాలని కింద ఆయన్ను అడిగాను. ఎక్కువ అడిగాను, వేగం అడగలేదు. ఆయన దీపాల ర్యామ్ నాలుగు పట్టుకుని పైకి వచ్చాడు.

"డేట్ ఆఫ్ బర్త్ ఏంది చెల్లె?"

"ర్యామ్‌కు జాతకమెందుకన్నా?"

"అందుకే నీ షాపు ఇంకా ఈడనే ఉన్నది" అన్నాడు.

బిగించాడు, అంకెలు కొట్టాడు, నెత్తిన రాశాడు, బొట్లు పెట్టాడు, అరచెయ్యి వేశాడు. చలికాలమంతా అది నడిచింది కూడా. అదే దానిలోని దొంగబుద్ధి. అసలు నడవకపోతే ఆ రోజే తెలిసిపోయేది.

మే నెల వచ్చింది. పై అంతస్తు, పైన రేకులు, ఫ్యాన్ తిరిగితే వడగాలి. పెళ్లిళ్ల సీజన్. మా ఫోటోగ్రాఫర్ యాకూబ్ భాయ్ ఒక పెళ్లిలో ఫోటోలు తీసి వచ్చి, కెమెరా కార్డులు నా సిస్టమ్‌లో కాపీ చేసి, అక్కడే వాటిని తుడిచేసి ఇంకో పెళ్లికి పోయేవాడు. మా పనిలో అందరూ అదే చేస్తారు. సీజన్‌లో కార్డు ఖాళీగా కూర్చోదు. కాపీ అయిందంటే ఫోటో ఉన్నట్టే అని లెక్క. కాపీ చేసే యంత్రమే అబద్ధమాడుతుందని ఎవరు అనుకుంటారు?

అట్లా వచ్చిన వాటిలో డోర్నకల్ పెళ్లి ఒకటి. పిల్ల తండ్రి రైల్వేలో పట్టాల పని చేస్తాడు. ఫోటోలు తెరిచేసరికి అప్పగింతలవి మొత్తం పోయాయి. పిల్ల చేతులున్నాయి, ముఖం లేదు. తండ్రి నుదురుంది, కింద బూడిద. యాకూబ్ భాయ్ కుర్చీలో కూలబడి, "అక్కా, ఇప్పుడు ఆ ఇంటికి ఎట్ల పోవాలె" అన్నాడు. పాడుకాని ముక్కలు వెతికి, రిసెప్షన్ ఫోటోలోంచి తండ్రి ముఖం కత్తిరించి అప్పగింతల్లో అతికించాను. నా పని మీద నాకు నమ్మకముంది, అతుకు కనపడదు.

ఆల్బమ్ తీసుకుపోవడానికి తండ్రి వచ్చాడు. నిలబడే పేజీలు తిప్పాడు. ఆ పేజీ దగ్గర ఆగి, వేలు తన ముఖం మీద పెట్టాడు.

"అమ్మా, గప్పుడు నేను బాగ ఏడ్సిన. ఈడ నవ్వుతాన్న."

యాకూబ్ భాయ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ మనిషి గొడవ చేయలేదు, గొడవ చేస్తే బాగుండేది. ఆల్బమ్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. "నా బిడ్డ అడుగుతది. బాపూ, నన్ను పంపేటప్పుడు నవ్వినవా అని అడుగుతది" అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

మర్నాడు యాకూబ్ భాయ్ దగ్గర ఇంకా తుడవని కార్డు ఒకటి తీసుకుని, అందులోని ఫోటోలనే మళ్లీ మళ్లీ కాపీ చేశాను. ఒకసారి బాగా వచ్చాయి. ఇంకోసారి కొన్ని పాడయ్యాయి. మరోసారి అవి బాగుండి వేరేవి పాడయ్యాయి. కార్డు అదే, ఫోటోలు అవే. మదర్‌బోర్డ్ డబ్బాలోని చిన్న పుస్తకం తీసి చదివాను. సెట్టింగుల్లోకి పోయి ఆయన అంకెలన్నీ తీసేసి ఆటో పెట్టాను. ఫోటోలు ఎన్నిసార్లు కాపీ చేసినా చుక్క తేడా లేకుండా వచ్చాయి. అప్పుడు తెర మీద కనపడిన వేగం 2666. ఇది గమనించండి. అట్ట మీద అంత పెద్ద 3600 వేసుకున్న ర్యామ్, తొక్కకుండా వదిలేస్తే, దీపాలు లేని మామూలు 3200 ర్యామ్ కంటే నెమ్మది. ఆయన నాకు అంటగట్టింది అది.

కిందికి పోయాను. ఇద్దరు గిరాకీలు ఉన్నారు, ఉండనీ అనుకున్నాను.

"అన్నా, ఒకటే కార్డు ఇన్నిసార్లు కాపీ చేసిన. ఒక్కోసారి ఒక్కోతీరుగ వచ్చింది. నీ నంబర్లు తీసేస్తే మంచిగైంది" అన్నాను.

"కరెంటు, చెల్లె. మీ పైన వోల్టేజ్ అప్ డౌన్ అయితాంది."

"కరెంటు అదే ఉన్నది. నంబర్లే మారినయ్."

"అయితె కార్డు డూప్లికేట్ది."

"కార్డు గూడ అదే."

ఇప్పుడైనా ఒక్క ముక్క నిజం వస్తుందేమోనని నేను నిజంగానే ఎదురుచూశాను. ఆయన కనుబొమ్మ లేచింది. గిరాకీల వైపు చూశాడు.

"తొమ్మిది నీకు పడకపాయె. నేనేం జేయాలె మరి? ఆ రోజు డేట్ ఆఫ్ బర్త్ అడిగితె చెప్పకపోతివి."

డోర్నకల్ తండ్రి సంగతి చెప్పాను. ఏడ్చిన మనిషి ఆల్బమ్‌లో నవ్వుతున్నాడని, కూతురికి ఏం చెప్పాలో తెలియక పోయాడని చెప్పాను. ఆయన తేలిగ్గా నవ్వాడు. "నవ్వుకుంట పంపిండంటె మంచిదే గదనె, శుభం" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకున్న కొంచెం మర్యాద కూడా అయిపోయింది. మూర్ఖుడి పొరుగున ఉండొచ్చు. తను పాడుచేసిన దాన్ని చూసి నవ్వేవాడితో ఏం చేస్తాం?

ఆ నాలుగు దీపాలూ పీకి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. వేరే షాపులో మామూలు 3200 ర్యామ్ తెచ్చుకున్నాను, రెండే ముక్కలు, పైన రేకు లేదు, వెలుగు లేదు, ఆకుపచ్చగా ఉత్త బోర్డు. ప్రాసెసర్ పూచీ ఎంతవరకో ర్యామ్ కూడా అంతవరకే. టైమింగ్స్ 22, 22, 22, 52. పెట్టాను, మూశాను, మళ్లీ ఆ సెట్టింగుల ముఖం చూడలేదు. ఒక పేజీ తయారయ్యేటప్పుడు ఏమైనా ఆలస్యమైందా అంటే, నేను టీ గ్లాసు కింద పెట్టేంత. ఫోటో మాత్రం తప్పిపోలేదు.

ఆయనకు మాత్రం అది పరువు సమస్య అయింది. ఏదో వంకతో పైకి వచ్చి నా వెనకాల నిలబడేవాడు. క్యాబినెట్ నెత్తిన తను రాసిన 3600ను నేను స్పిరిట్ పెట్టి తుడిచేసిన చోట వేలితో రుద్దేవాడు. "ఎడ్లబండి" అనేవాడు. యాకూబ్ భాయ్ ఉంటే అతనికి చెప్పేవాడు, పెళ్లివాళ్లు ఉంటే వాళ్లకు చెప్పేవాడు. "మా చెల్లెది ఎడ్లబండి. కూడితే అయిదు, టైమింగ్ కూడితే ఒకటి. శని నట్టింట్ల కూసున్నట్టే." అందరూ నవ్వేవాళ్లు. నేను పని చేసుకునేదాన్ని. ఆయనకు జవాబు చెప్పడం అంటే ఆయన మాటను మాటగా ఒప్పుకోవడం.

ఆయన షాపు సిస్టమ్ తరచుగా ఆగిపోయేది. మధ్యలో నీలం తెర వచ్చి మళ్లీ మొదలయ్యేది. అప్పుడు కూడా అరచెయ్యి పెట్టి, "వేడి మీదున్నది, ఉర్కుతాంది" అనేవాడు. ఇంట్లోదీ అదే మోస్తరని నాకు తెలియదు. తెలిసి ఉండాల్సింది. మందికి పెట్టిన నంబర్ తన ఇంటికి పెట్టుకోకుండా ఉంటాడా. ఆ ఒక్క విషయంలో ఆయనది మోసం కాదని చెప్పాలి. తను నమ్మిందే అమ్మాడు. మోసగాడైతే ఇంట్లోనైనా జాగ్రత్తపడేవాడు, ఈయనకు ఆ తెలివి కూడా లేదు.

ఆయన భార్య ఇంకా నా పక్కనే కూర్చుని ఉంది. డిస్క్‌లో ఉన్నవన్నీ అయిపోవస్తున్నాయి. బాగున్నవి లేకపోలేదు. పాప పుట్టినరోజు బాగుంది, తిరునాళ్లు బాగుంది, ఆయన స్కూటర్ నంబర్ ప్లేటు దగ్గర నుంచి తీసింది మహా బాగుంది. ఆయనే సరిగ్గా రాలేదు. ఒకదాంట్లో వీపు, ఒకదాంట్లో నల్ల కళ్లద్దాలు, ఒకదాంట్లో మూతి దాకా ఉండి కళ్లు లేవు. బంధువుల వాట్సాప్‌లో దొరికినవి వేలిగోరంత ఉన్నాయి, ఫ్లెక్సీకి సాగదీస్తే మనిషి కనపడడు.

"ఆధార్ కార్డు మీద ఉన్నది పెడుదామా" అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అండ్ల దొంగ లెక్క ఉంటడు వదినె. రేపు నా బిడ్డ రోజు దాన్నే మొక్కాలె." ఆమె ఏడవడం అదే మొదలు. ఆయన పోయినందుకు నాకు ఏడుపు రాలేదు, అబద్ధం చెప్పను. ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఆడమనిషి ఒక ముఖం దొరక్క ఏడుస్తుంటే మాత్రం, చూసేసిన ఫోటోలనే మళ్లీ మొదటి నుంచి తెరవడం మొదలుపెట్టాను. ఆ ముఖాన్ని ఆమెకు లేకుండా చేసింది ఎవరు? ఎవరి మీద కోపగించుకోవాలి, పోయినవాడి మీదనా?

అప్పుడు గుర్తొచ్చింది. దసరాకు కాంప్లెక్స్ వాళ్లమంతా కలిసి ఆయుధపూజ చేస్తాం. ప్రతి షాపు తన మిషన్లకు బొట్లు పెట్టుకుంటుంది. డోర్నకల్ పెళ్లి జరిగిన సంవత్సరం యాకూబ్ భాయ్ షాపు షాపుకూ తిరిగి పెద్ద కెమెరాతో ఫోటోలు తీసి, నా సిస్టమ్‌లోనే వేశాడు. అప్పటికి దాంట్లో ఆకుపచ్చ ర్యామ్ ఉంది. నా సిస్టమ్‌లో ఆ ఫోల్డర్ వెతికి తెరిచాను.

ఉన్నాడు. మా షాపు గుమ్మంలో, బంతిపూల తోరణం కింద, తెల్ల చొక్కాతో, నుదుట బొట్టుతో. వెంట్రుక వెంట్రుక లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. నోరారా నవ్వుతున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచి, చూపుడువేలుతో దేన్నో చూపిస్తున్నాడు. ఆ దేన్నో ఫోటోలో పడలేదు. నేను పూలు పెట్టిన నా సిస్టమ్ అది. "ఎడ్లబండికి గూడ పూజనా" అన్నాడు అప్పుడు. ఆ మాట అంటుండగానే యాకూబ్ భాయ్ తీశాడు.

"అయ్యో" అంది ఆమె. తెరకు దగ్గరగా జరిగి చాలాసేపు చూసింది. "ఎంత మంచిగ నవ్విండు వదినె. ఇంట్ల గూడ గిట్ల నవ్వకపోతుండె. ఎవల జూసి నవ్విండో."

"దసరా గద వదినె, అందరం నవ్వినం" అన్నాను.

నవ్వింది ఆయన ఒక్కడే. చెయ్యిని భుజం దాకా కత్తిరించి తీసేశాను. తోరణం చెరిపి వెనక నీలం రంగు పోశాను. ముఖాన్ని ముట్టుకోలేదు. డోర్నకల్ తండ్రికి నేను చేసిన పనే ఇప్పుడు ఈయనకూ చేస్తున్నానని తోచింది, తోచినా ఆగలేదు. శుభమని ఆయనే అన్నాడు కదా.

పటం నేనే తీసుకుపోయాను. ఆమె నా చేత్తోనే పెట్టమంది, కాదనలేకపోయాను. ముందుగదిలో కుర్చీ మీద పెట్టి దండ వేశారు. దాని పక్కన మూలకు బల్ల, బల్ల మీద ఆయన సిస్టమ్. నెత్తిన తెల్లగా 3600, చుట్టూ సున్నా, పసుపు బొట్లు ఎండి పొలుసులు లేచాయి. లోపల దీపాలు తిరుగుతున్నాయి. ఇంటర్ చదివే కూతురు దాని ముందు కూర్చుని, కర్మకు వచ్చినవాళ్ల ఫోన్లలోంచి తండ్రి ఫోటోలు అడిగి తన ఫోన్లోకి తీసుకుని అందులోకి ఎక్కిస్తోంది. అవి చిన్నవే, మసకవే. ఎక్కించి, తన ఫోన్లోంచి తుడిచేయబోతోంది. తండ్రి నేర్పిన పద్ధతి.

"ఫోన్లకెల్లి తియ్యకు బిడ్డా, జర ఆగు" అన్నాను.

"ఎందుకత్తా? నాయిన గట్లనే చెయ్యమంటుండె."

"ఆగమన్న గద. లెవ్వు."

ఆ పిల్ల లేచింది. నేను కూర్చుని సిస్టమ్‌ను ఆపి, మళ్లీ మొదలుపెట్టి, సెట్టింగుల్లోకి పోయాను. 16, 18, 18, 38. చాలా రోజుల తర్వాత చూశాను వాటిని, మనిషి చేతిరాత చూసినట్టే అనిపించింది. ఒక్కొక్కటే తీసేసి ఆటో పెట్టాను. 2666 వచ్చింది. కూడితే రెండు. భద్రపరచాలా అని తెర అడిగింది, అవునన్నాను.

తల తిప్పితే పక్కనే పటంలో ఆయన. నన్నూ, నా ముందున్న 2666నూ చూసి నోరారా నవ్వుతున్నాడు. నవ్వనీ. ఆ పిల్లను పిలిచి కుర్చీ ఇచ్చి, "ఇగ ఎక్కిచ్చుకో, ఏం గాదు" అన్నాను.